గట్టు అవతలికి వేడి

మీట నొక్కగానే ఓబులమ్మ బెండతోట మీద చల్లగాలి పరుచుకుంది. బయట నలభై నాలుగు డిగ్రీలు, తోటలో ఇరవై రెండు. ఊళ్లో మొదటి ఫీల్డ్ కూలర్ అది. దాన్ని తయారుచేసిన డాక్టర్ నిఖత్ ఒక ఆకు తిప్పి చూపించింది. పొద్దున కొట్టిన మందుకు పచ్చదోమలన్నీ చచ్చిపడి ఉన్నాయి.

"ఎండలో ఇదే మందు కొడితే ఒక్కటీ చచ్చేది కాదు గదా మేడం?" అంది ఓబులమ్మ.

"ఇది పైరిత్రాయిడ్ మందమ్మా. చల్లగా ఉంటే పురుగు నరాలను గట్టిగా పట్టేస్తుంది. వేడెక్కితే పురుగు దాన్ని అరిగించుకుని తేరుకుంటుంది. అయితే అన్ని మందులూ ఇలా కాదు..."

ఓబులమ్మ చెవులు అప్పటికే మూసుకుపోయాయి. ఆమె చూపు గట్టు అవతల పుల్లన్న తోట మీద ఉంది. నిరుడు ఆమె మొగుడు ఆస్పత్రిలో ఉంటే, ఆమె కాలువ నీళ్ల వంతును చడీచప్పుడు లేకుండా తన మడికి మళ్లించుకున్న మహానుభావుడు పుల్లన్న. ఆమె టమాటా తోట నిలువునా ఎండింది. అడిగితే, "నువ్వు లేవు గదా, నీళ్లు ఊరికే పోతాయని" అంటూ నవ్వాడు. ఆ నవ్వు ఏడాదిగా ఆమె కడుపులో రగులుతూనే ఉంది. అతను కొట్టేదీ ఇదే మందు.

"తోటలోంచి లాగిన వేడి యాడికి పోతాది మేడం?"

"ఆ గొట్టంలోంచి బయటికి. ఎటు తిప్పితే అటు."

ఓబులమ్మ పుల్లన్న వైపు తిప్పింది.

వారం తిరిగేసరికి అవతలి తోట పొయ్యిలా తయారైంది. పుల్లన్న మందు కొట్టాడు, దోమ చావలేదు. మళ్లీ కొట్టాడు, ఆకులు పసుపెక్కాయి. ఓబులమ్మ గట్టు మీద కూర్చుని కళ్లారా చూసింది. ఇన్నాళ్లకు ఆమెకు అన్నం సయించింది.

కొన్నాళ్లకు పుల్లన్న గంపెడు లేత బెండకాయలతో గట్టు దాటి వచ్చాడు.

"నీ మేలు మర్చిపోను వదినా. పాత మందు మాని ఆర్గానోఫాస్ఫేట్ మందు కొట్టినా. దానికి వేడి తగిలేకొద్దీ బలమంట, డాక్టరమ్మ చెప్పింది. నీ గాలి పుణ్యాన దోమ తుడిచిపెట్టుకుపోయింది. నీళ్ల సంగతి మనసులో పెట్టుకోకుండా వేడి పంపినావు. నీది పెద్ద మనసు."

ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి గొట్టాన్ని పట్టి ఇవతలికి తిప్పేసింది. నిఖత్ పరిగెత్తుకొచ్చింది.

"అటు మీ మిరపనారు ఉందమ్మా. మాడిపోతుంది."

"మాడనీ మేడం. వానికి మాత్రం నా వల్ల మేలు జరగగూడదు."

సాయంత్రానికి నారుమడి మొత్తం వాలిపోయింది. ఓబులమ్మ గొట్టం తిప్పలేదు.