మకోలా బజారులో ఎనిమిదిన్నర

లాగోస్ విమానాశ్రయం పార్కింగ్‌లో తెల్లారేసరికి ఒక నిఘా సంస్థ ఏజెంట్ గొంతు తెగి పడి ఉన్నాడు. ప్రాణం పోయేముందు అతను ఆఫీసుకు పంపిన మెసేజ్ ఒక్కటే: ‘ఆక్రా ఫ్లైట్. సెర్వా అమ్ముడుపోయింది.’

"సెర్వా రెండేళ్లుగా మన మనిషి కదా సార్?" అన్నాడు ఏజెంట్ దేజీ.

"మనకీ మనిషే, ఒక విదేశీ ముఠాకీ మనిషే," అన్నాడు చీఫ్ ఒసారో. "వాళ్లు ఆక్రాలో బాంబు పెట్టారు. అదెక్కడుందో ఆమెకి తెలుసు. ఆమె పక్క సీటు నీకు బుక్ చేశాం. నాలుగు వందల కిలోమీటర్లు, గంట ప్రయాణం. వెళ్లు."

ఏడింటికి విమానం లేచింది. దేజీది బట్టల వ్యాపారి వేషం. సెర్వా నల్ల కళ్లద్దాలు దించి, ఎర్రటి పెదవులతో నవ్వింది.

"మీసం అంటిస్తే పోల్చుకోలేననుకున్నావా?"

"బాంబెక్కడ?"

"మకోలా బజారు, బట్టల సందు. తొమ్మిదిన్నరకి పేలుతుంది. నన్ను తెమా రేవులో దింపు. తొమ్మిదింటికి ఓడెక్కాక ఏ కొట్టో చెప్తా. అరగంట చాలదూ?"

దిగేసరికి ఆక్రాలో మళ్లీ ఏడే. లాగోస్ కంటే ఆ ఊరి గడియారం గంట వెనక.

తనిఖీలు ముగిసి తెమా దారి పట్టాక, కార్లో ఆమె నిమిషానికోసారి వాచీ చూసుకుంటోంది. ఏసీలో కూడా మెడ తడిసిపోయింది. దేజీ ఓరగా చూశాడు. డాష్‌బోర్డులో ఎనిమిదీ ఐదు. ఆమె వాచీలో తొమ్మిదీ ఐదు.

"ఆక్రాలో పుట్టినదానివి. వాచీ మార్చుకోలేదేం?"

సెర్వా వాచీ ఉన్న చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు వెలిగింది దేజీకి. బాంబు టైమ్ పెట్టింది లాగోస్‌లో. అక్కడి తొమ్మిదిన్నర అంటే ఇక్కడ ఎనిమిదిన్నర. ఈవిడ ఓడెక్కేసరికి బజారు బూడిదవుతుంది.

బజారు వైపు స్టీరింగ్ తిప్పేశాడు.

బట్టల సందు జనంతో కిక్కిరిసి ఉంది. ఖాళీ చేయించే వ్యవధి లేదు. సందు మధ్యలో ఇనుప కటకటాలకు సెర్వా చేతిని బేడీతో బిగించాడు. స్టూలు లాక్కుని కూర్చుని, గ్లాసెడు సజ్జజావ తెప్పించుకున్నాడు.

జావ అమ్మే ఆవిడ పకపకా నవ్వింది. "పెళ్లాం పారిపోతుందనా అన్నా, ఈ గొలుసు?"

"అవునక్కా. కాస్త పంచదార వెయ్యి."

ఎనిమిదీ ఇరవై నాలుగు. సెర్వా బెదిరించింది. ఇరవై ఆరు. బతిమాలింది. దేజీ జావ ఊదుకుంటున్నాడు. చెయ్యి లాగి లాగి ఆమె మణికట్టు చర్మం ఊడొచ్చింది. అతను అటు తిరగలేదు.

"నువ్వూ చస్తావురా!"

"చస్తాను."

ఇరవై ఎనిమిదిన్నర.

"మూడో కొట్టు! కుట్టు మిషను కింద బాంబు! ఆకుపచ్చ వైరు కొయ్యి!"

దేజీ దూకాడు. పెన్ను క్యాప్‌లోని కట్టర్ టక్కుమంది. బాంబు తెర మీద లెక్క నాలుగు సెకన్ల దగ్గర ఆగిపోయింది.

సందంతా ఇటు తిరిగింది. బాంబన్న మాట అందరూ విన్నారు. జావ అమ్మే ఆవిడ గరిటె పట్టుకుని లేచింది. వెనకాల ముప్పైమంది ఆడవాళ్లు. ఒకరి చేతిలో బట్టలు కత్తిరించే కత్తెర.

"దేజీ, తాళం తియ్యి! చెప్పేశాగా!"

తాళంచెవి జేబులో వేసుకుని, అతను మీసం పీకేశాడు.

"పోలీసుల్ని పిలుస్తాలే. స్టేషను రెండు కిలోమీటర్లే. ఈ ట్రాఫిక్‌లో గంటన్నా పడుతుంది."