మేడ మీద గదిలో దుమ్ము

బ్లోయర్ ఆపేసరికి రేణుక తల నెరిసిపోయింది. కనుబొమ్మలు కూడా.

నేల మీద, మూత తీసిన కంప్యూటర్ డబ్బా ముందు గొంతుక్కూర్చున్న దేవరాజ్ ఆమెను చూసి, నవ్వు బయటపడకుండా పెదవి కొరుక్కున్నాడు. ఆనేకల్ దారిలో అతనికి పట్టు మగ్గాల షెడ్డుంది. మగ్గాలకు పట్టిన నూగును బ్లోయర్‌తో ఊదేయడం రోజూ ఉండే పనే. తమ మేడ మీద అద్దెకున్న ఈ అమ్మాయి, "సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోందండీ, లోపల దుమ్ముందేమో" అనగానే ఆ బ్లోయర్ పట్టుకొచ్చేశాడు. షెడ్డులో అయితే నూగు వాకిట్లోంచి బయటికి పోతుంది. ఈ గదికి తలుపూ కిటికీ రెండూ మూసే ఉన్నాయన్న సంగతి అతనికి తట్టలేదు.

"లోపలున్న దుమ్మంతా తీసి నా దిండు మీద పడుకోబెట్టారు. దుప్పటి కూడా కప్పుతారా?" అంది రేణుక.

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి మేడమ్. ఊడ్చేస్తా."

"చీపురు ముట్టుకోకండి! ఊడిస్తే మళ్ళీ లేస్తుంది. తడిబట్టతో తుడవాలి."

ఆమె తుమ్మింది. అతనూ తుమ్మాడు. ఆమె కోపంగా ఏదో అనబోయి మళ్ళీ తుమ్మింది. ఆ తగాదా తుమ్ములతోనే ముగిసింది.

రేణుకది ఒంగోలు పక్క. ఇళ్ళు కట్టకముందే లోపల ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మకట్టి చూపించడం ఆమె పని. శుక్రవారం ఒక్కరోజు ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుకు పోతుంది, మిగతా రోజులు చందాపురలోని ఈ గదిలోంచే. బొమ్మ తయారవుతుండగా సిస్టమ్ ఆగిపోతే చేసిందంతా గాలికి పోయినట్టే.

"సోమవారం క్లయింట్‌కి చూపించాలి. ఈసారి ఆగిందంటే ఆఫీసు పక్కన పీజీకి మారిపోతాను. మా మేనేజర్ ఎప్పటినుంచో అదే చెప్తున్నాడు" అంది ముఖం తుడుచుకుంటూ.

దేవరాజ్ గుండెలో పోగు తెగింది. ఆమె వచ్చింది మొదలు, నీళ్ళ ట్యాంకు నిండిందా అని రోజుకు ఎన్నిసార్లు మేడెక్కుతున్నాడో అతనికే లెక్క లేదు.

మర్నాటి నుంచి ఆ గది మీద పడ్డాడు. లారీలు పోయే వైపు కిటికీకి సన్నటి తెర బిగించాడు. డబ్బాను నేల మీంచి లేపి పీట మీద పెట్టాడు, గోడకు కాస్త ఎడంగా, వెనక గాలి ఆడేలా. నడుమ నడుమ "బాగుండాదా?" అని అడిగేవాడు. ఆమె "చూద్దాం" అనేది. ఆ 'చూద్దాం' కోసమే ఇంకో మేకు కొట్టేవాడు.

అయినా సిస్టమ్ వేడెక్కుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ డబ్బాను బయట మేడ మీదికి తెచ్చారు. అతను ఊదుతుంటే ఫ్యాను రెక్క తిరిగిపోకుండా ఆమె వేలు అడ్డంపెట్టింది. ఆ వేలు చూస్తూ అతను గాలిని ఎటో ఊదుతున్నాడు.

"ఫ్యాను ఇక్కడుందండీ" అంది.

ముందుభాగంలో ఉన్న జల్లెడలాంటి ఫిల్టర్ లాగి దులిపింది. దుమ్ము రాలలేదు. గోటితో గీకితే నల్లగా, జిడ్డుగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేంటి, సాంబ్రాణి వాసన!"

దేవరాజ్ బ్లోయర్ కింద పెట్టాడు. "శుక్రవారం మీరు తాళంచెవి మా అమ్మకిచ్చి పోతారు కదా..."

"అవును, సిస్టమ్ ఆన్‌లోనే ఉంచి పోతాను, బొమ్మ తయారవ్వాలని. ఫ్యాను పొగంతా పీల్చేసుకుంది! ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుపోయింది. ఆంటీకి చెప్పండి."

"శుక్రవారం ధూపం ఆపమని మా అమ్మకి నేను చెప్పేదా? దానికంటే మీరు పీజీకి..."

"ఆఁ, పీజీకి?"

"పోవద్దండి."

"ఎందుకు పోకూడదు?"

"అదీ... ట్యాంకు..."

"ఆ ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్ ఉందని నాకు వచ్చిన వారంలోనే తెలుసు" అంది రేణుక, ఫిల్టర్ వైపే చూస్తూ.

అంతలో చినుకులు పడ్డాయి. అతను గబగబా చొక్కా విప్పి డబ్బా మీద కప్పాడు. ఆరేసిన బట్టలకోసం పరుగెత్తుకొచ్చిన జయమ్మ బనీనులో ఉన్న కొడుకుని చూసి నిలబడిపోయింది.

"ఏమప్పా, బట్టలన్నీ తడిసిపోతా ఉండాయి, నువ్వు ఆ డబ్బాకి చొక్కా తొడుగుతా ఉండావా?"

డబ్బాతో సహా ముగ్గురూ గదిలోకి దూరారు. దేవరాజ్ రేణుక వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు, చివరికి నేల వైపు.

"అమ్మా, శుక్రవారం ధూపం... ఈ గదికి వద్దు మ్మా. పొగకి కంప్యూటర్ చెడిపోతా ఉండాది. ఆమె గది ఖాళీ చేస్తానంటా ఉండారు."

జయమ్మ తడిబట్టలు ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"తప్పుగా అనుకోకండి ఆంటీ" అంది రేణుక కంగారుగా.

"ముందర ఈ గదిలో బ్యాంకాయన ఉండె, నర్సమ్మ ఉండె. వాళ్ళకి ఎప్పుడన్నా ధూపం ఏస్తినా? అడుగు వీణ్ణి."

"లేదు మ్మా" అన్నాడు దేవరాజ్.

"బాడుగ గదికి ఏయను నేను. మన ఇంటోళ్ళు పండుకునే గదికే ఏస్తా."

దేవరాజ్ ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. రేణుక చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నీకు జ్వరం వచ్చిన దినం గంజి చల్లారిపోయిందని వీడు నన్ను పొయ్యి కాడికి తిప్పిందే తిప్పిందమ్మా. అప్పుడే అనుకుంటి. నువ్వు ఏమంటావో తెలీక సుమ్మనే నోరెత్తకుండా ఉండా. సరే, మిషన్‌కి పడదంటే ఇంకమీద ఏయను లే."

జయమ్మ లేవబోయింది. రేణుక ఆమె ఒళ్ళోంచి సగం బట్టలు అందుకుంది.

"ఆపకండి ఆంటీ. శుక్రవారం సిస్టమ్ ఆపేసి, గుడ్డ కప్పి పోతాను. మీ ధూపం మీరు వేయండి."

"అంటే... పీజీకి?" అన్నాడు దేవరాజ్.

"నీకంటే ఆ మగ్గానికే తొందరగా అర్థమవుతుంది కదప్పా!" అంటూ జయమ్మ మిగిలిన బట్టలతో కిందికి దిగిపోయింది.

సాయంత్రం రేణుక ఫిల్టర్‌ను సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి బిగించింది. సోమవారం సిస్టమ్ ఒక్కసారీ ఆగలేదు. క్లయింటు ఇల్లు తెర మీద గదిగదిగా తెరుచుకుంది. కింద, రోజూ ఈపాటికి షెడ్డులో ఉండాల్సిన దేవరాజ్ చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ మెట్ల దగ్గరే తచ్చాడుతున్నాడు.

పైన తలుపు తీసే ఉంది. రేణుక ఫోన్లో మాట్లాడుతోంది, కావాలనే కాస్త గట్టిగా.

"అమ్మా, ఈ ఆదివారం నువ్వూ నాన్నా ఒకసారి చందాపుర రావాలి... సిస్టమా? అది బ్రహ్మాండంగా ఉంది. పిలిచేది దానికోసం కాదు."