తూకపు మిట్ట మీద అద్దం దించకు

శాన్ బ్రూనో నుంచి పట్నం పోయే దారిలో తూకపు మిట్ట ఉంది. పంచదార మిల్లు నడిచిన రోజుల్లో చెరుకు బళ్లు అక్కడే తూచేవాళ్లు. మిల్లు మూతబడింది, కాటా తుప్పు పట్టింది. మిగిలింది పేరొక్కటే... అదీ చెడ్డ పేరు.

చీకటి పడ్డాక ఆ మిట్ట ఎక్కే డ్రైవర్‌కి మూడు కట్టుబాట్లు. అద్దాలన్నీ బిగించాలి. నోరు మెదపకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు.

ఎందుకంటే... దెల్ఫినా. ఇరవై రెండేళ్ల కిందట టాక్సీలో మిట్ట ఎక్కుతూ, వెనక సీట్లో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఒంటిమీద గీత లేదు. బుగ్గలు మాత్రం పెళ్లికూతురికిలా ఎర్రగా ఉన్నాయట.

అప్పటినుంచి ఆవిడ కార్లని తడుతుంది. టక్... టక్... టక్. తడుతున్నంతసేపూ భయం లేదు. చప్పుడు ఆగిందా — లోపలికి ఎక్కేసిందన్నమాట.

ఈమధ్య అక్కడ ఇంకో దెయ్యం చేరింది. ముసలాడు. కారుకి అడ్డంపడి అద్దాలు బాదుతాడట. ఆడదెయ్యం కథ నేను విన్నది. ముసలి దెయ్యం సంగతి మాత్రం నాకు స్వయంగా తెలుసు.

నేను కార్లు బాగుచేసే ఎవారిస్టో షెడ్డు గేటు దగ్గర కాఫీ అమ్ముతాను. మా ఊళ్లో కార్లన్నీ మా తాతల నాటివి, అమెరికా నుంచి వచ్చినవి. వాటికి సామాన్లు దొరకవు. సబ్బు పెట్టె రేకు, ట్రాక్టరు బోల్టు, ఏది దొరికితే అది వేసి నడిపించేవాడు ఎవారిస్టో. చేతిలో ఎంత పనితనమో నోట్లో అంత విషం. ఆ నోరు మెత్తబడేది ఒక్కరి దగ్గరే — కూతురు నియుర్కా. తల్లి లేని పిల్ల, బట్టలు కుడుతుంది. ఓస్మానీ అనే టాక్సీ డ్రైవర్‌ని చేసుకుంది. అల్లుడంటే ముసలాడికి ఒళ్లుమంట.

ఒక రోజు మధ్యాహ్నం ఓస్మానీ తన యాభై రెండు నాటి షెవర్లే కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు.

"మావయ్యా, స్టార్ట్ చెయ్యగానే టక్‌టక్‌మంటోంది. వేడెక్కితే చప్పుడు ఆగిపోతోంది. సాయంత్రానికి తల పగిలిపోతోంది నాకు."

"తలంటూ ఉంటే పగుల్తుంది. ముందు నీ పక్క అద్దం బాగుచేసుకో, పైన నాలుగు వేళ్ల సందు. దెల్ఫినా నిన్ను వరించింది అల్లుడూ! పాపం, చచ్చాక కళ్లు కనిపించవు కాబోలు."

డ్రైవర్లు విరగబడి నవ్వారు. ఒక్క ఫెర్మీన్ నవ్వలేదు. దెల్ఫినాకి సొంత తమ్ముడు అతను.

ఎవారిస్టో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా చుట్ట పొగ లోపలికి ఊదడం మొదలుపెట్టాడు. మా దగ్గర దెయ్యం వదిలించేవాళ్లూ అలాగే ఊదుతారు. ఈయన ఊదేది మాత్రం మానిఫోల్డు మీదకి. ఇంజిన్ వదిలే పొగంతా పోగుచేసి వెనక గొట్టంలోకి తోసే పోత ఇనుము అది.

చుట్ట పొగ ఇనుము వెంట మెల్లగా పాకింది. ఒకచోట... వణికి, పక్కకి చెదిరింది.

వెంట్రుకంత పగులు. దాని పక్కనే, పొగ బయటికి రాకుండా అతుకులో పెట్టే ప్యాకింగ్ కాలిపోయి నల్లబడింది. ఎవారిస్టో ముఖం నేను చూశాను. నోట్లో చుట్ట జారి కింద పడింది.

"ఏమైంది మావయ్యా?"

ఫెర్మీన్ కూడా దగ్గరకొచ్చి తొంగి చూశాడు. ఎవారిస్టో అతని వంక ఒకసారి చూసి, చప్పున వంగి చుట్ట ఏరుకున్నాడు.

"ఏం లేదు."

బీరు డబ్బా రేకు కత్తిరించి, మడిచి, ప్యాకింగ్‌గా పెట్టి బోల్టులు బిగించాడు. "రేపు విప్పి ఇత్తడితో అతుకుతా. ఈ రాత్రికి ఆడుతుంది."

"మిట్ట ఎక్కొచ్చా మరి?"

ఎవారిస్టో మళ్లీ ఫెర్మీన్ వంక చూశాడు.

"ఎక్కు. అందరిలాగే అద్దాలు బిగించుకో. తట్టినా తిరక్కు. నీ మొహం చూస్తే అది మళ్లీ చస్తుంది."

మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

పొద్దుగూకాక ఎవారిస్టో ఇత్తడి కడ్డీ కోసం పక్క వీధికి వెళ్లాడు. అప్పుడే నియుర్కా మొగుడి టాక్సీలో బయల్దేరింది. పట్నంలో ఎవరి పిల్లకో మర్నాడు పదిహేనేళ్లు నిండే పండగ, తెల్ల గౌను ఆ రాత్రికే అందాలి. గౌనుని వెనక సీట్లో కొక్కేనికి నిలువుగా తగిలించి, తను పక్కన కూర్చుంది.

"పిన్నీ, ఎలా కుదిరింది?" అంది దించిన అద్దంలోంచి.

"దివ్యంగా ఉంది తల్లీ. అద్దం మూసుకో, దుమ్ము పడుతుంది." ఆ మాట అన్నది నేనే.

ఎవారిస్టో తిరిగొచ్చాడు. అమ్మాయి కూడా వెళ్లిందని చెప్పాను. కడ్డీ పక్కన పారేసి షెడ్డంతా కలయజూశాడు.

షెడ్డులో కార్లన్నిటి ఇంజిన్లూ నేల మీద ఉన్నాయి. నడిచే బండి ఒక్కటే — ఫెర్మీన్‌ది.

"బండి తియ్యి ఫెర్మీన్! మిట్టకి పోవాలి!"

"ఎందుకు?"

ఎవారిస్టో అతని చెయ్యి పట్టుకుని బండి వైపు లాగాడు. ఫెర్మీన్ కదల్లేదు.

"ఎందుకంటున్నా."

"అది దెయ్యం కాదురా." గొంతు గుసగుసలా వచ్చింది. "పగులు. చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్‌మంటుంది, కాగితే ఇనుము ఉబ్బి చప్పుడు తగ్గుతుంది. పొగలో ఉండే విషం మాత్రం ఆగదు, పెడళ్ల కన్నాల్లోంచి లోపలికి వస్తుంది. అద్దాలు మూస్తే... మనిషి నిద్రలోనే పోతుంది. మీ అక్క ఎక్కిన టాక్సీకీ రేకు ప్యాకింగ్ వేసింది నేనే. ఆ పొగ పీల్చి పోతేనే బుగ్గలు అలా ఎర్రబడతాయి, చూడగానే నాకు తెలిసిపోయింది. జనం దెయ్యం అన్నారు, నేను ఔనన్నాను. ఏం చెయ్యాలని అడిగారు... అద్దాలు మూసుకోమన్నాను. అప్పుడు నోటికి ఏది వస్తే అదే అనేశాను. బండి తియ్యరా, నీ కాళ్లు పట్టుకుంటా!"

నిజంగానే పట్టుకున్నాడు.

ఫెర్మీన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"తట్టినా తిరగొద్దన్నావుగా ముసలోడా," అన్నాడు నెమ్మదిగా. కాళ్లు విడిపించుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

ఎవారిస్టో ఆ చీకట్లో మిట్ట వైపు పరుగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తొమ్మిది మైళ్ల దారి. సగం దారిలో, పట్నం దగ్గర్నుంచి వెనక్కి తిప్పుకొస్తున్న ఓస్మానీ కారు దీపాలు ఎదురొచ్చాయి. అతను తలపోటుతో తూలుతున్నాడు. ఆ నాలుగు వేళ్ల సందు అతన్ని బతికించింది.

వెనక సీట్లో తెల్ల గౌను నిలువుగా వేలాడుతోంది. దాని కింద ఒరిగిపోయి నియుర్కా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"మిట్ట మధ్యలో టక్‌టక్ ఆగిపోయింది మావయ్యా," అంటున్నాడు ఓస్మానీ, అన్నదే మళ్లీ మళ్లీ. "ఎక్కేసిందనుకున్నా. అద్దంలో చూస్తే వెనక తెల్లగా ఏదో ఊగుతోంది... అప్పుడు నా సీటు వెనక తట్టింది. మూడుసార్లు. మెల్లగా. మీరు చెప్పారుగా... నేను తిరగలేదు మావయ్యా. పట్నం దీపాలు వచ్చేదాకా తిరగనేలేదు."

ఎవారిస్టో షెడ్డు మూసేశాడు. ఊరంతా తిరిగి నిజం చెప్పాడు. బిడ్డ పోయి మతి చెడిందన్నారు. ఫెర్మీన్‌ని అడిగితే, "నాకేం తెలీదు, నేను ఏమీ వినలేదు" అంటాడు, ముసలాడి కళ్లలోకి చూస్తూనే. నేను చెప్తే కాఫీ అమ్ముకునేదానికి కథలెక్కువ అంటారు.

ఇప్పుడు ఆయన రోజూ చీకటిపడగానే మిట్ట ఎక్కుతాడు. వచ్చిన ప్రతి కారుకీ అడ్డంపడి, "దించండి! అద్దాలు దించండి!" అని పిడికిళ్లతో బాదుతాడు. పొద్దున్నే వాచిన వేళ్లతో వచ్చి నా దగ్గర కాఫీ తాగుతాడు.

నిన్న కూడా ఆయన పక్కనే నిలబడి ఒక డ్రైవర్ కొత్తవాడికి చెప్తున్నాడు. "ముసలి దెయ్యం కనబడిందా, అద్దాలు ఇంకో చుట్టు బిగించు. సందుల్లో గుడ్డలు కుక్కు. మేమందరం అదే చేస్తున్నాం."