చీటీ కట్టిన పిల్ల

ఆ ఏడాది కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఒక అద్దాల గది తెరిచారు. విమానం ఎక్కేవాళ్ళ పెట్టెల్ని అక్కడే తూచి, చీటీ కట్టి, సీటు నంబరున్న కాగితం చేతిలో పెడతారు. ఆపైన వాళ్ళ బస్సులోనే విశాఖ. ఆకాశానికి పోయే దారి మన జీడిపప్పు బస్తాల పక్కనుంచి మొదలవుతుందని నేనెప్పుడైనా అనుకున్నానా!

నా మనవరాలు ఇవాంజెలిన్‌ని కువైట్ పంపుతున్నాను. దాని తల్లి, నా కూతురు, మా వైపు ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బుతోనే చనిపోయింది. ఈ పిల్లయినా బతకాలంటే మా ఉద్దానం దాటాలని నా పట్టు.

కౌంటరు దగ్గర జగదీశ్వరరావు గారు పెట్టెకి చీటీ కట్టి, పంపేవాళ్ళ సంతకం పెట్టమని కాగితం జరిపారు. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. ఒక్కొక్కటీ దిద్దుతుంటే నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, నానెల్లను. నన్నొగ్గీయి."

నేను ఆగలేదు. చివరి అక్షరానికి తలకట్టు కూడా పెట్టాను.

"పెట్టె లోపలికెల్లిపోనాది. మరి నువ్విక్కడ లేనట్టేనమ్మా," అని ఆయన పిల్లని చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం బస్సు కదిలింది. కిటికీలోంచి పిల్ల నా వైపు చూడలేదు.

చుట్టాలింట్లో కాసేపుండి ఊరొచ్చేసరికి పొద్దు గూకుతోంది. గాలిలో నానిన కొబ్బరిపీచు కంపు. మా అరుగు మీద ఎవరో కూర్చున్నారు.

ఇవాంజెలినే. టెక్కలిలో దిగిపోయి వచ్చేసిందట. పెట్టె మాత్రం ఇవ్వలేదట. గట్టిగా పట్టుకున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది.

అంతలో పక్కింటి నూకమ్మ కేకేసింది, ఫోనొచ్చిందని. వెళ్ళి అందుకున్నాను.

"ఇసాపట్నం సేరిపోనానమ్మమ్మా. లోపలికి రమ్మంతన్నారు."

అదే గొంతు.

ఫోను పెట్టి ఇంటికొచ్చాను. అరుగు మీది పిల్ల నా మొహంలోకి చూస్తోంది. ఇద్దరిలో ఒకర్తే నాది. ఊరు దాటినదే నాది కావాలి... అదే బతుకుతుంది. దాని పక్కనుంచే లోపలికెళ్ళి గడియ పెట్టాను.

"అమ్మమ్మా... నాను..."

గోళ్ళతో తలుపు గీకింది. వాళ్ళమ్మని పిలిచింది. తర్వాత మెల్లగా, నాకు దిద్దించినట్టే...

"మ... గ్ద... లీ... న..."

నా పేరే. చెవులు మూసుకున్నాను. కీర్తన అందుకున్నాను. ఎంతసేపో తెలీదు.

చప్పుడాగింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. టెక్కలి దాకా వెతికించాను, ఫలానా పిల్ల అని చెప్పకుండా.

ఆదివారం ఆదివారం కువైట్ నుంచి ఫోనొస్తుంది. ఒళ్ళు చేశానంటుంది. ఆ సాయంత్రం సంగతి నేనెవరికీ చెప్పలేదు, దానికీ చెప్పలేదు. మొన్న మాటల మధ్య ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ పిల్లని లోపలికి రానీనేదు కదా, అమ్మమ్మా?"

ఫోను చెవికి అదుముకున్నాను.

"మంచిపని సేసినావు. నువ్వు తలుపు తీసుంటే... నాకీ సోటు దొరికీది కాదు."