కన్ను కుట్టిన నీలం లైటు

గౌలిపురలో తెల్లారగానే పాలవాళ్లు గంట కొడతారు. ఇశ్రాయేలు ఇంట్లో మాత్రం ఫోను కన్ను కొట్టేది. కోడలు స్వీటీ చైనా ఫోను నెత్తిన ఒక నీలం లైటు. చపాతీ పీట పక్కన, దిండు మీద, బట్టల తీగ కింద, ఎక్కడ పెట్టినా అది మినుక్కు మినుక్కుమంటూనే ఉండేది. లాడ్ బజార్ కొట్లకు చీరల ఫాల్స్ కుట్టిపెట్టే అత్త మాణిక్యమ్మకు, దాన్ని చూస్తే సూదీ దారం లేకుండానే కన్ను కుట్టేది.

ఆమె లెక్క ఒకటే. లైటు మెరిసిందంటే కొడుకు ప్రేమ్‌రాజ్ పెళ్లానికి ఫోను చేస్తున్నట్టు. వాడు సెల్ టవర్లు నిలబెట్టే కంపెనీలో పని మీద అడవుల దిక్కు పోయాడు. పోతూ పోతూ పెళ్లానికి జగదీష్ మార్కెట్ నుంచి ఫోను తెచ్చిచ్చాడు. తల్లికి మిగిలింది స్టూలు మీది పాత ల్యాండ్‌లైను. ఫోను వచ్చాక కొడుకు పోను పోను దూరమవుతున్నాడని ఆమె కడుపులో మంట.

"ఏందే, పొద్దుగాల్నే పిలుస్తున్నడా?" అంది ఆ రోజు, లైటు వంకే చూస్తూ.

"పెండ్లాన్ని పిలువక ఇంకెవల్ని పిలుస్తడు అత్తమ్మా?" నవ్వింది స్వీటీ. పేరుకే స్వీటీ. ఆ జవాబు మాత్రం పచ్చిమిరపకాయ.

"నాకు గూడ నిన్న మళ్ల చేసిండు తియ్యి, లైను మీద. మస్తు సేపు మాట్లాడిండు."

స్వీటీ నవ్వు ఆగిపోయింది. చపాతీ కర్ర పీట మీద ఠపఠపమంది.

"మీ నడుమ నేను ల్యాండయితే నా లైను కట్టయితది," అంటూ మామ ఇశ్రాయేలు చాయ్ గ్లాసుతో గల్లీలోకి జారుకున్నాడు.

మధ్యాహ్నం స్వీటీ అన్నం వారుస్తుంటే, గూట్లో లైటు మళ్లీ మెరిసింది. మాణిక్యమ్మకు ఇక ఓపిక పట్టలేదు. ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది.

"కొడుకా! నేన్రా, అమ్మను!"

చప్పుడు లేదు. తీసి చూస్తే లైటు మెరుస్తూనే ఉంది.

"ఏందే ఇది? మెరుస్తది గని మాట్లాడదు!"

"ఇయ్యి అత్తమ్మా!"

"ఇయ్య! తొమ్మిది నెలలు మోసినదాన్ని. నా కొడుకు గొంతు నేను వింటే నీ సొమ్మేం బోయె?"

స్వీటీ గంజి గిన్నె దించి, గోడకు ఆనుకుని కూలబడింది.

"ఆయన చేస్తలేడు అత్తమ్మా. పోయిన కాడ్నుంచి ఒక్కసారి గూడ చెయ్యలే. టవర్ నిలబడేదాక ఆడ సిగ్నలే రాదని చెప్పే పోయిండు. ఇది బ్లూటూత్ లైటు. పక్క ఫోన్లకు పాటలు పంపేది. ఆన్‌ల పెడితే ఉత్తగనే మెరుస్తది."

"మరెందుకు పెట్టినవే?"

"నువ్వు ఉడుక్కోవాలెనని. నీకేమో లైను మీద చెయ్యవట్టె. ఎట్లనన్న నీకు చేస్తడు, నాకు చెయ్యడు. 'తిన్నవా కొడుకా, చలిల పంటున్నవా' అని నువ్వు మాట్లాడుతుంటే, గోడకు ఇవతల కూసొని ఏడ్చిన."

మాణిక్యమ్మ ఫోను కోడలి చేతిలో పెట్టింది. మెల్లగా ఆమె పక్కన చతికిలబడింది.

"అవన్ని రాంగ్ నంబర్లు పిల్లా," అంది. "ఉస్మాన్‌గంజ్ దుకాణమా అని అడిగి ఎవడో పెట్టేస్తుండె. నువ్వు ఇంటున్నవని నేనే మాట్లాడిన... ఉత్త ఫోన్‌తోని."

కుక్కర్ లేని ఆ వంటింట్లో ఇద్దరి ముక్కులే ఈల వేశాయి. ఇన్నాళ్లూ ఒకరి వాటా ఇంకొకరు తింటున్నారనుకున్నారు. తీరా చూస్తే ఇద్దరూ పస్తే.

"బంజెయ్ దాన్ని," అంది మాణిక్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని. "బ్యాటరీ ఒడుస్తది. నిజంగ చేసిననాడు ఫోను సచ్చుండొద్దు."

స్వీటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్లూటూత్ ఆఫ్ చేసింది. ఏ మీట నొక్కాలో అత్త వేలు పట్టుకుని చూపించింది.

"చేస్తే ముందుగాల నువ్వే మాట్లాడు అత్తమ్మా."

"వద్దు, నువ్వే మాట్లాడు. నేను తర్వాత అందుకుంట. తిట్టెటోళ్లకు టైమ్ ఎక్కువ గావాలె."

"ఏమని తిడ్తవ్?"

మాణిక్యమ్మ ఆమె తల తన భుజానికి లాక్కుంది.

"నా బిడ్డను ఎందుకు ఏడిపిస్తున్నవ్‌రా అని."