ఎండకు రాయయ్యే మందు

రసాయన శాస్త్రవేత్తను పట్టపగలు లాబ్ మెట్ల మీదే కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్. పక్క గదిలోవాళ్లకి కూడా వినపడలేదు. పోయినవాడు గూఢచారి శాఖ ఏజెంటుకు సొంత అన్న. మర్నాడు అంత్యక్రియలకు బయల్దేరుతుండగా చీఫ్ నుంచి పిలుపొచ్చింది.

"ఏడవడానికి తర్వాత టైముంటుంది," అన్నాడు చీఫ్. "మీ అన్న చెట్ల విత్తనాలకు పూసే పాలిమర్ మందు కనిపెట్టాడు. ఎండ తగిలితే పూత మెత్తబడి, నీళ్లు పీల్చి గింజకిస్తుంది. మొండి గింజలు కూడా మొలుస్తాయి. బోడికొండల మీద చల్లడానికి ఈరోజే లారీలు బయల్దేరాలి. విదేశీ ముఠా లాబ్‌లో ఆ మందు డ్రమ్ము మార్చిందని సమాచారం. వాళ్ల మందు ఎండకు రాయిలా బిగుసుకుంటుంది. గింజ లోపలే చస్తుంది. ఆ తర్వాత మనం మొక్కల కోసం వాళ్ల కాళ్లు పట్టుకోవాలి."

"లోపల మనవాళ్లెవరు సార్?"

"ఒకామె ఉంది. 'వాన వచ్చేలా ఉందా' అని అడుగు. 'వేరు తడిస్తే చాలు' అంటుంది."

ఏజెంటు ఎలక్ట్రీషియన్ వేషంలో లాబ్‌లోకి వెళ్లాడు. కిటికీలకు నల్ల తెరలు, లోపల మసక ఎర్రబల్బు. పూత యంత్రం పక్కన, పెదవుల రంగు చెదరకుండా నిలబడ్డ అందగత్తెను చూసి అతను ఠక్కున ఆగిపోయాడు.

వదిన!

"వాన వచ్చేలా ఉందా?" అన్నాడు ఎలాగో.

"వేరు తడిస్తే చాలు." ఆమె నవ్వింది. "అంతా చూశాను మరిదీ. డ్రమ్ము మనదే. వెళ్లి మీ అన్నను సాగనంపు."

"మీరు రారా వదినా?"

"నాకు డ్యూటీ ఉంది."

అతను జేబులోంచి పెన్ను తీశాడు. మూత తిప్పితే ఎండలాంటి కాంతినిచ్చే టార్చి అది. డ్రమ్ము అంచున కారిన బొట్టు మీద పట్టాడు. బొట్టు గోరు దిగనంతగా గట్టిపడింది.

తలెత్తేసరికి వదిన చేతిలో పిస్టల్. సైలెన్సర్ ఇంకా తీయలేదు.

"అన్నకు మీరంటే ప్రాణం."

"తెలుసు. అందుకే వెనకనుంచి కాల్చాను. మొహం చూస్తే చెయ్యాడేది కాదు." ఆమె రెండో చెయ్యి యంత్రం స్విచ్ మీదికి జరిగింది. "ఆయన్ని పెళ్లి చేసుకోమని నన్ను పంపింది మీ చీఫే. నా కాపురం కూడా ఆఫీసు పనే. అవతలివాళ్లు కనీసం ప్రేమ నటించమనలేదు."

ఆమె స్విచ్ నొక్కింది. మందు గాజుగొట్టంలోంచి విత్తనాల తొట్టి వైపు పరుగెత్తింది. స్విచ్ అతనికి అందదు. కిటికీ తెర అందుతుంది. ఒంటి బరువంతా వేసి తెర లాగేశాడు. ఎండ భళ్లున లోపల పడింది. కళ్లు చెదిరి ఆమె కాల్చిన గుండు అతని భుజాన్ని చీరుకుపోయింది. గొట్టంలో మందు విత్తనాలకు బెత్తెడు ఎత్తున రాయై ఆగిపోయింది. యంత్రం ఖళ్లుమని దగ్గి ఊరుకుంది. అతను పిస్టల్ లాక్కున్నాడు.

"వదినా," అన్నాడు, అలవాటు కొద్దీ.

"ఊఁ," అంది ఆమె కూడా.

అన్న చేసిన అసలు డ్రమ్ము గోడౌన్‌లో దొరికింది. ఆ మందే పూసి లారీలు కదిలించారు. భుజానికి కట్టు కట్టించుకుంటూ ఏజెంటు అడిగాడు. "ఆ పెళ్లి మాట నిజమేనా సార్?"

"దేశం కోసం కుదిర్చిన సంబంధం. నిలబడలేదు," అన్నాడు చీఫ్. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "అన్నట్టు, ముఠా డ్రమ్ములో మిగిలిన మందు జాగ్రత్తగా సీల్ చేయించు. వాళ్ల దేశంలోనూ కొండలున్నాయి."