పిచ్చుక గొంతు

స్కూల్ హాల్లో స్పీకర్ కుయ్యిమని కీచుపెట్టేసరికి అందరూ చెవులు మూసుకున్నారు. స్టేజీ మీదున్న పిచ్చుక మాత్రం చేతిలోని కాగితం జారవిడిచి తెర వెనక్కి పరుగెత్తింది.

గొంతు చిన్నది కాబట్టి ఆ అమ్మాయికి పిచ్చుక అన్న పేరు పడింది. రేపు వార్షికోత్సవంలో తను సొంతంగా రాసిన కథ చదవాలి. ఇవాళ రిహార్సల్.

ఆంప్లిఫయర్ దగ్గర కూర్చున్నది తన స్నేహితురాలు డిక్షనరీ. వాళ్ళమ్మకు ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉంది. అక్కడ విన్న ఫ్రీక్వెన్సీ, గెయిన్, ఫీడ్‌బ్యాక్ లాంటి మాటలతో ఈ పిల్ల క్లాసంతా ఊదరగొడుతుంది. అందుకే ఆ పేరు. సౌండు పని టీచరుగారు తనకే అప్పగించినప్పటి నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పిచ్చుక మాట వెనక వరుసకు వినపడటం లేదని డిక్షనరీ శబ్దం పెంచే గెయిన్ నాబ్ తిప్పింది. ఇంకాస్త తిప్పింది. ముందు ఫ్యాన్ల హోరు పెరిగింది, ఆ తర్వాత ఈ కీచు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఏమైందని టీచరుగారు అడిగితే, ఫీడ్‌బ్యాక్ అని ఠక్కున చెప్పింది. ఎలా ఆపాలో మాత్రం తనకు తెలీదు.

తెర వెనక పిచ్చుక ఏడుస్తోంది. "నేను రేపు చదవను. నా గొంతు బాగోదు, అందుకే మైకు అరిచింది."

డిక్షనరీకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తప్పు చేసింది తను, నింద పడింది పాపం ఆ గొంతు మీద.

సాయంత్రం షాపులో అమ్మ పని ఆపి అంతా విన్నది. కోప్పడలేదు. మైకు పిచ్చుక నోటికి ఎంత దూరంలో ఉందని అడిగింది. డిక్షనరీ అది చూడనే లేదు. స్పీకర్ మాత్రం పిచ్చుక వెనకాలే ఉందని చెప్పింది.

"నాబ్‌కి మాటేదో, ఫ్యాను చప్పుడేదో తెలీదే," అంది అమ్మ. "మైకులో ఏది పడితే దాన్నే పెంచుతుంది. స్పీకర్లోంచి వచ్చింది మళ్ళీ మైకులో పడితే దాన్నీ పెంచుతుంది. అలా తిరిగి తిరిగి కీచుమంటుంది. ముందుగా, మాట మైకుకి దగ్గరగా పడేలా చూడు."

డిక్షనరీ అట్నుంచటే పిచ్చుక ఇంటికి వెళ్ళింది. "తప్పు నీ గొంతుది కాదు. నాది," అంది. పిచ్చుక, వస్తాను గాని మైకు మళ్ళీ అరిస్తే దిగిపోతానంది.

మర్నాడు డిక్షనరీ ముందుగానే వెళ్ళి చప్పుడు మళ్ళీ మైకులో పడకుండా స్పీకర్‌ను స్టేజీ ముందుకు జరిపించింది. కానీ పొడుగాటి హెడ్మాస్టరుగారు మాట్లాడేటప్పుడు మైకును తన ఎత్తుకు లేపుకున్నారు. తర్వాత వచ్చిన పిచ్చుక పెదవులు కదిలాయి గాని మాట వినపడలేదు.

వెనక నుంచి గొణుగుడు మొదలైంది. డిక్షనరీ చెయ్యి దానంతటదే నాబ్ మీదికి వెళ్ళింది. మరుక్షణం వెనక్కి తీసుకుంది. అందరూ చూస్తుండగా స్టేజీ ఎక్కి, మైకును పిచ్చుక నోటి దగ్గరికి దించింది.

"భయపడకు, చదువు," అని గుసగుసగా చెప్పింది. ఆ గుసగుస కాస్తా హాలంతా వినపడింది. అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వేసి కథ మొదలుపెట్టింది. చివరి వరుసలో నిలబడ్డ డిక్షనరీ వాళ్ళమ్మకు ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినపడింది.

చప్పట్లయ్యాక హెడ్మాస్టరుగారు డిక్షనరీని పిలిచి, గొంతు అంత చక్కగా ఎలా వినిపించావని అడిగారు. నాలుక చివర పెద్ద పెద్ద మాటలు సిద్ధంగా ఉన్నాయి. డిక్షనరీ వాటిని మింగేసింది.

"మైకు కిందికి దించానండీ, అంతే. గొంతు తనదే."

పక్కనున్న పిచ్చుక తలెత్తి నిలబడింది. "అవునండీ, నాదే," అంది, మైకు లేకుండానే అందరికీ వినపడేలా.